జత ఇంజన్లూ, ఒక పర్వాలేదూ

రేవులో ఆయన్ని పక్షిగారు అంటారు. అసలు బిరుదు అనుమానప్పక్షి. రోజూ వాడే మాట కావడంతో జనం మొదటి సగాన్ని అరగదీసి వదిలేశారు. మిగిలిన సగం మరీ బోడిగా ఉందని 'గారు' తగిలించారు. ఆ గారులో ఉన్నది మర్యాదా, వెక్కిరింతా అన్న విషయం మీద ఆయన విచారణ ఇంకా పూర్తి కాలేదు.

మనిషి సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకు చాచి ఉంటాడు కాబట్టి పేరు ఆకారానికీ అమరింది. ఇంట్లో టీ ఇస్తే తాగే ముందు వాసన చూస్తాడు. పెట్రోలు పోయించుకునేటప్పుడు బంకువాడు కుశలప్రశ్నలు వేస్తే జవాబు చెప్పడు, గొట్టం మీంచి చూపు తిప్పడు. ఇవాళ ఎండ కాస్తుందని రేడియో చెబితే గొడుగు తీసుకుంటాడు. వాన పడుతుందని చెబితే, అలా చెప్పడంలో వాళ్ళకేం లాభమో కాసేపు ఆలోచించి, అప్పుడూ తీసుకుంటాడు. ఇంత కట్టుదిట్టంగా బతకడం వల్ల ఆయన్ని ఇంతవరకూ ఎవరూ పెద్దగా మోసం చెయ్యలేదు. అది తన జాగ్రత్త మహిమ అని ఆయన అంటాడు. మోసం చేసి ఎత్తుకుపోదగ్గది ఇంట్లో ఏమీ లేకపోవడం మహిమ అని ఆయన భార్య అంటుంది.

ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఒక బోటు ఉంది.

రేవుకు ఎదురుగా, నీళ్ళకు అవతల, ఒక దీవి. దీవి మీద ఆసుపత్రి. వంతెన లేదు. వంతెన వేయిస్తామని మాట ఇచ్చే పెద్దలు ఎప్పుడొచ్చినా బోటులోనే వచ్చి, బోటులోనే మాట ఇచ్చి, బోటులోనే వెళ్ళిపోతారు. పొద్దున షిఫ్టు నర్సులను ఆసుపత్రికి చేర్చడం, సాయంత్రం వెనక్కి తీసుకురావడం పక్షిగారి పని. పెళ్ళయిన ఏడాది మొదలుపెట్టాడు. ఇల్లు దాని మీదే గడుస్తోంది. సెలవు రోజుల్లో సరదాకి తిరిగేవాళ్ళు ఎక్కుతారు గానీ, వాళ్ళు ఫొటోలు దిగడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళ మీద సంసారాలు నిలబడవు.

బోటు చేసింది ఆయన మామగారు. పడవలు చెయ్యడంలో చెయ్యి తిరిగిన మనిషి. మోకాళ్ళు మొండికేసి పని మానేసే ముందు ఆయన చేసిన ఆఖరి బోటు అదే. కర్రతో చేసి, పైన ఫైబరు పూత వేశాడు. వెనకవైపు అడ్డంగా నిలబెట్టిన మందపాటి పలకకి జత ఇంజన్లు వేలాడుతుంటాయి. బోటుకి అదే వెన్నెముక. ఇంజన్లు ఎంత తోసినా ఆ పలకనే తొయ్యాలి, పలక బోటును తోస్తుంది. ఈ కథ నడిచింది కూడా ఆ పలక మీదే.

గొడవ పెద్ద నర్సమ్మతో మొదలైంది. ఒకరోజు దీవిలో దిగుతూ, చేతిసంచీ భుజాన వేసుకుని, ఆమె ఆగింది.

"మీ మీద కోపం కాదు బాబూ. రాత్రంతా డ్యూటీ చేసినవాళ్ళు మేం వస్తే గానీ కదల్లేరు. మా కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తుంటారు. వచ్చే నెల నుంచి పొద్దున ట్రిప్పు ఏ బోటు తొందరగా చేరిస్తే ఆ బోటుకే."

"నేను ఆలస్యం చేస్తున్నానని మీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు పక్షిగారు మెడ చాచి.

"గడియారం చెప్పింది."

ఆ గడియారం ఎవరు కొనిచ్చారని అడగబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

నిజానికి గడియారం కంటే ముందు చెప్పినది ఒక తెల్ల బోటు. ఆ మధ్యే రేవులో దిగింది. నీళ్ళ మీద వెళుతున్నట్టు ఉండదు, నీళ్ళతో తనకు పరిచయం లేనట్టు ఎగిరిపోతుంది. దాని యజమాని ఎండైనా నీడైనా టోపీ తియ్యడు కాబట్టి రేవు ఆయనకు టోపీ అనే పేరు ఖాయం చేసింది. ఆ టోపీ ఆయన తల మీద ఎంత సేపుంటుందో, అదను దొరికితే ఎదుటివాడి తల మీదికి ఎంత త్వరగా మారుతుందో పక్షిగారికి ఒక అంచనా ఉంది. ఆధారం మాత్రం లేదు. ఆధారం వదలకుండా జాగ్రత్తగా మోసం చేసేవాళ్ళంటేనే ఆయనకు మరీ భయం.

తెల్ల బోటుతో పోటీ పడాలంటే ఒకటే దారి అని తేల్చినవాడు ఆయన బావమరిది. ఇంజన్ల కొట్టు, దాని వెనక రిపేరు షెడ్డు అతనివి. చేతులకు గ్రీజు, నోటికి తేనె ఎప్పుడూ అంటుకుని ఉంటాయి. అతని భార్య కూడా ఆ నర్సుల్లో ఒకతె. రోజూ ఈ బోటులోనే వెళుతుంది.

"బావా, నీ ఇంజన్లు ముసలివైపోయాయి. అరవై అరవై గుర్రాలు. కుంటి గుర్రాలు. ఇదిగో, ఇవి చూడు." అతను గోనెగుడ్డ లాగాడు. కింద రెండు నల్లటి ఇంజన్లు, కొత్త పెళ్ళికొడుకుల్లా మెరుస్తున్నాయి. "ఒక్కోటి నూట పదిహేను. ఇవి తగిలిస్తే టోపీ నీ వెనక నురగ తాగుతూ రావాలి."

"ఎవరి కోసం తెప్పించావు?"

"ఎవరో ఒకాయన అడిగాడు. తర్వాత వద్దన్నాడు."

"ఎందుకు వద్దన్నాడు?"

"ఏదో మనసు మారింది. నీకెందుకు బావా?"

"వీటిని చూసి మారిందా, నిన్ను చూసి మారిందా?"

"అబ్బా! సొంత బావమరిదిని కూడా బంకువాడిని చూసినట్టు చూస్తావేంటి?"

పక్షిగారు ఇంజన్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి కింద చూశాడు. మూతికి మూతి పెట్టి వాసన చూశాడు. కొత్త వాసనే వచ్చింది. కొత్త వాసన మరీ ఎక్కువగా వస్తోందని ఆయనకు అనిపించింది.

ఇంటికి వెళ్ళే దారిలో టీ బడ్డీ దగ్గర టోపీ కనిపించాడు. పలకరించకుండా పోదామనుకున్నాడు గానీ టోపీయే లేచి వచ్చాడు.

"ఇంజన్లు మారుస్తున్నావటగా?"

"ఎవరు చెప్పారు?"

"రేవులో ఎవరు చెప్పాలయ్యా? గాలి చెప్పింది. నా మాట విను. మార్చకు. నీ బోటు వెనక పలక ఆ బరువుకి ఆగదు. ఉన్నవాటికే ఆగుతుందో లేదో చూసుకో."

పక్షిగారు ఆయన కళ్ళ కేసి చూడలేదు, టోపీ కేసి చూశాడు. "నా పలక సంగతి నీకెందుకు?"

"నాకేం కాదు. నర్సులు ఎక్కుతారు కదా అని."

ఆ రాత్రి భోజనం దగ్గర పక్షిగారి బుర్ర చేసిన ప్రయాణం బోటుకు సాధ్యం కానిది. శత్రువు వద్దంటున్నాడు కాబట్టి ఇంజన్లు మార్చాలి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ తనను శత్రువు అనుకుంటున్నాడని టోపీకి తెలుసు. వద్దంటే తప్పకుండా మారుస్తాడని కూడా తెలుసు. కాబట్టి మార్చాలనే వద్దన్నాడు. కాబట్టి మార్చకూడదు. కానీ తాను ఇంత దూరం ఆలోచిస్తాడని కూడా టోపీకి తెలిసి ఉంటే? అప్పుడు మళ్ళీ మార్చాలి. ఇలా రెండు రేవుల మధ్య మజిలీ లేకుండా తిరుగుతూ, కంచంలో అన్నం చల్లారిపోయేదాకా కలుపుతూనే ఉన్నాడు.

"ఏమండీ, అన్నం ఎన్నిసార్లు కలుపుతారు? దాంట్లో ఏమీ దాచలేదు," అంది భార్య.

"నీ తమ్ముడు మార్చమంటున్నాడు. ఆ టోపీవాడు వద్దంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?"

"ఇద్దరికీ నోరుంది. నోరున్నవాళ్ళని కాదు, చెయ్యి తిరిగినవాళ్ళని అడగాలి. బోటు చేసింది మా నాన్న. ఆయన్నడగండి."

ఈ సలహాలో తప్పు పట్టడానికి పక్షిగారు చాలా ప్రయత్నించాడు. దొరకలేదు. అదే కాస్త అనుమానంగా ఉంది గానీ సరేనన్నాడు.

మామగారి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన కోపిష్టి కాదు. కానీ తన పని గురించి ఎవరైనా "గట్టిగా ఉంటుందా?" అని అడిగితే మాత్రం ఆయనకు మనసు విరిగిపోతుంది. పూర్వం ఒక ఖాతాదారు ఆ మాట అడిగితే, పూర్తి కావొచ్చిన పడవను అతనికి ఇవ్వకుండా, ఉచితంగా ఇంకొకరికి ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఇంట్లో పిల్లలకు అక్షరాలతో పాటు ఇది కూడా నేర్పారు: నాన్న చేసిన పనిని నాన్న దగ్గర ప్రశ్నార్థకంలో మాట్లాడకూడదు. అల్లుడు కూడా పెళ్ళయిన కొత్తలోనే ఈ వ్యాకరణం నేర్చుకున్నాడు.

ఆదివారం ఉదయం బావమరిది తండ్రిని ఆటోలో రేవుకు తీసుకొచ్చాడు. ముసలాయన ఉతికిన చొక్కా వేసుకుని, దువ్వుకుని, పెళ్ళిచూపులకు వచ్చినంత ఠీవిగా దిగాడు. బోటును చూడగానే ఆయన మొహం వెలిగింది. ముందు నుంచి వెనక్కి నడుస్తూ ప్రతి వంపునూ అరచేత్తో నిమిరాడు.

"ఈ వంపు చూశారా? ఈ మధ్య కుర్రాళ్ళకి ఇలా తెమ్మంటే రంపం పారేసి పారిపోతారు."

"అవును నాన్నా," అంది కూతురు.

"ఈ కర్ర తేవడానికి ఎన్ని డిపోలు తిరిగానో."

"అవును నాన్నా," అన్నాడు కొడుకు.

వెనక పలక దగ్గరికి వచ్చాడు. చతికిలబడి కూర్చున్నాడు. ఇంజన్ల బోల్టుల చుట్టూ గోరుతో గీశాడు. రంగు మీద వేలు రాశాడు. మెటికలతో ఇక్కడా అక్కడా కొట్టాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తీర్పు రాసుకుంటున్న న్యాయమూర్తి ముందు కూడా జనం అంత నిశ్శబ్దంగా ఉండరు. చాలాసేపు అలా కూర్చుని, లేవబోతూ మోకాలు పట్టుకున్నాడు. పక్షిగారు చటుక్కున చెయ్యి చాచాడు.

"పర్వాలేదు," అన్నాడు ముసలాయన. తనంతట తనే లేచి నిలబడ్డాడు. తర్వాత టీ తాగి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆటో మలుపు తిరిగిందో లేదో బావమరిది చప్పట్లు కొట్టాడు. "విన్నావుగా బావా! పర్వాలేదన్నాడు. పలకకి ఢోకా లేదు. పెద్ద ఇంజన్లు పెట్టుకోవచ్చు."

"నాకలా వినిపించలేదు," అంది అక్క. "ఉన్నవి పర్వాలేదు, ఇవే చాలు, కొత్తవి ఎందుకు అన్నట్టు అన్నాడు."

"నీకు నాన్న సంగతి తెలీదక్కా."

"నువ్వు పుట్టకముందు నుంచి తెలుసురా నాకు!"

పక్షిగారి చెవిలో ఆ ఒక్క మాట గింగిర్లు కొడుతోంది. తెలుగువాడు చిన్నప్పటి నుంచీ నాలుక మీద పెట్టుకు తిరిగే ఈ మాట ఇంత ప్రమాదకరమైనదని ఆయనకు అంతవరకూ తెలియదు. ఆ వారమంతా ఎక్కడ విన్నా ఉలిక్కిపడ్డాడు. బస్సులో ఒకడు ఇంకొకడి కాలు తొక్కితే తొక్కించుకున్నవాడు "పర్వాలేదు" అన్నాడు, పళ్ళు కొరుకుతూ. పక్కింటావిడ కొత్త కోడలు ఎలా ఉందని అడిగితే "పర్వాలేదు" అంది, అందులో ఒక చిన్న మహాయుద్ధం ఉంది. టీ బడ్డీలో ఇంకో కప్పు పొయ్యనా అంటే ఒకాయన "పర్వాలేదు" అన్నాడు. పొయ్యాలో వద్దో తెలియక బడ్డీ అతను సగం పోశాడు. అంటే ఈ మాటకు బాగుందనీ, బాగాలేదనీ, వద్దనీ, కానివ్వమనీ, నొప్పి పుట్టిందనీ అర్థాలున్నాయి. ఇన్ని అర్థాలున్న మాట మీద నర్సులను ఎక్కించుకుని, రెట్టింపు గుర్రాలు పూన్చి, నీళ్ళ మధ్యకు వెళ్ళాలా?

మరి మామగారినే మళ్ళీ అడగొచ్చు కదా అంటే, అలా అడిగితే ప్రశ్నార్థకం వస్తుంది.

నెలాఖరు దగ్గర పడింది. తెల్ల బోటు రోజూ పక్క నుంచి ఎగిరిపోతూ, పక్షిగారి బోటును ఊయల ఊపి పోతోంది. నర్సులు ఇనుప కడ్డీలు పట్టుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. పెద్ద నర్సమ్మ చేతి గడియారం చూసుకుంటోంది. చివరికి పక్షిగారు తెగించి, బావమరిదికి సరే అనేశాడు. అనగానే బావమరిది ఆయన్ని కౌగలించుకున్నాడు. ఆ కౌగిలి అవసరానికి మించి కొంచెం ఎక్కువసేపు ఉన్నట్టు పక్షిగారు గమనించాడు.

ఇంజన్లు బిగించే రోజు వచ్చింది. బోటును ఒడ్డుకు లాగి దిమ్మెల మీద కూర్చోబెట్టారు. పాత ఇంజన్లు దించారు. బావమరిది కరెంటు డ్రిల్లు చేతబట్టి, పలక మీద కొత్త బోల్టుల గుర్తులు పెడుతూ కూనిరాగం తీస్తున్నాడు. పని చేస్తూ కూనిరాగం తీసే మనిషిని పక్షిగారు జీవితంలో ఎన్నడూ నమ్మలేదు. నచ్చిన పనికైతే మనిషి ఈల వేస్తాడు. కూనిరాగం లోపలి మాటను కప్పిపుచ్చుకోవడానికి అని ఆయన సిద్ధాంతం.

"ఆగు!"

"మళ్ళీ ఏంటి బావా?"

"మీ నాన్న పర్వాలేదు అన్నది దేన్ని?"

"పలకని."

"నువ్వు ఆయన్నేమని అడిగావు?"

"నేనేం అడగలేదు. అక్క చెప్పి ఉంటుందనుకున్నాను."

అప్పుడే టీ ఫ్లాస్కుతో వచ్చిన భార్య స్తంభంలా ఆగిపోయింది. "నేనా? మగవాళ్ళు మీరు మాట్లాడుకుని ఉంటారనుకున్నాను. ఏమండీ, మీరు అడగలేదూ?"

ఇన్నాళ్ళూ అందరినీ అన్నీ అడిగిన మనిషి, అడగాల్సిన ఒక్కరినీ ఒక్కటీ అడగలేదు. డ్రిల్లును ప్లగ్గులోంచి పీకేసి, మామగారింటికి నడిచాడు. వెనకాల అక్కా తమ్ముడూ.

ముసలాయన అరుగు మీద కూర్చుని పాత ఉలికి పదును పెట్టుకుంటున్నాడు. పని లేకపోయినా పదును ఉండాలని ఆయన పట్టుదల.

"మామయ్యా, ఆవేళ రేవులో మీరు పర్వాలేదు అన్నారు."

"ఎప్పుడు?"

"వెనక పలక దగ్గర. లేస్తూ."

ముసలాయన గుర్తు తెచ్చుకున్నాడు. "ఓ, అదా? నువ్వు చెయ్యిచ్చావు. నేనే లేస్తాలే, పర్వాలేదు అన్నాను. ఏం బాబూ, తప్పుగా తీసుకున్నావా?"

ఉలి ఆగింది.

"మరి పలక సంగతి?" అన్నాడు కొడుకు సన్నగా.

"పలక సంగతి నన్నెవరడిగార్రా? బోటు చూద్దువు గాని రా నాన్నా అన్నావు. వచ్చాను, చూశాను. మీకు నా మీద ప్రేమ పుట్టుకొచ్చి పాత పని చూపించడానికి తీసుకెళ్ళారనుకున్నాను." ఆయన గొంతులో చిన్నతనం లాంటిది ఏదో తగిలింది. "ఇంటికొచ్చి మీ అమ్మకి కూడా చెప్పాను."

కూతురు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్షిగారు ముసలాయన పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఇక వ్యాకరణం సంగతి తర్వాత అనుకున్నాడు.

"పెద్ద ఇంజన్లు పెడదామనుకుంటున్నాం మామయ్యా. రెట్టింపు దగ్గర. ఆ పలక గట్టిగా ఉంటుందా?"

కొడుకు కళ్ళు మూసుకున్నాడు. ముసలాయన అల్లుడిని ఎగాదిగా చూశాడు. మనసు విరిగే చప్పుడు కోసం అందరూ చెవులు రిక్కించారు.

"చేసినప్పుడు గట్టిదే," అన్నాడు చివరికి. "ఇప్పుడెలా ఉందో నాకేం తెలుస్తుంది? ఆవేళ నేను రంగు చూసి మురిసిపోయాను. నా వంపులు చూసుకుంటూ కూర్చున్నాను. పదండి."

రేవులో ఆయన కరెంటు డ్రిల్లు వద్దన్నాడు. సంచీలోంచి చిన్న చేతి బరమా తీసి, పలక అడుగున, ఎవరి కంటా పడనిచోట, సన్నటి బెజ్జం వేశాడు. మొదట తెల్లటి ఫైబరు పొడి రాలింది. తర్వాత కర్ర పొడి రావాలి. వచ్చింది పొడి కాదు. నల్లగా, తడిగా, వాడేసిన టీ పొడిలాంటిది బరమాకు చుట్టుకుని వచ్చింది. ఇంకో చోట వేశాడు. అదే. ఇంకో చోట వేస్తే నీళ్ళు కూడా కారాయి.

ముసలాయన ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుని వాసన చూసి కొడుక్కి ఇచ్చాడు. "పాత బోల్టుల పక్క నుంచి నీళ్ళు దిగాయి. ఎన్నేళ్ళ నుంచో. పైన ఫైబరు డాబు, లోపల నానిన అట్టముక్క. కొత్త ఇంజన్లు పెట్టుంటే అవి దీవికి టైముకే చేరేవిరా. బోటు మాత్రం ఇక్కడే ఉండేది."

బావమరిది మొహం పాలిపోయింది. "బావా, నాకు నిజంగా తెలీదు. ఒట్టు. నా పెళ్ళాం రోజూ ఇందులోనే కూర్చుంటుంది బావా."

పక్షిగారు అతని కేసి చాలాసేపు చూశాడు. నమ్మాడు. ఆ నమ్మకం ఆయనకు అలవాటు లేని చెప్పుల్లా కాస్త కరిచింది గానీ, నమ్మాడు.

బావమరిది దించిన పాత ఇంజన్ల కేసి చూశాడు. "ఒక మాట. పాత ఇంజన్లతో ఇన్నాళ్ళు నడిచింది కదా. మళ్ళీ అవే తగిలించి, నెలాఖరు దాకా మెల్లగా నడిపెయ్. ఈలోగా ఏదో ఒకటి చూద్దాం. ఇప్పుడు బయటపెడితే ట్రిప్పు ఈ రోజే పోతుంది. ఈ సంగతి మన నలుగురికే తెలుసు."

ఇందులో నిజం ఉంది. ఇన్నేళ్ళు ఆగిన పలక ఇంకొన్నాళ్ళు ఆగకూడదని ఎక్కడుంది? పక్షిగారు ఆ వాక్యాన్ని లోపల ఒకసారి అనుకుని చూశాడు. తియ్యగా ఉంది. ఇంకోసారి అనుకున్నాడు. ఇంత తియ్యటి మాట ఇంకెవడైనా తనతో చెప్పి ఉంటే, వాడి చొక్కా పట్టుకుని ఉండేవాడినని అప్పుడు తట్టింది. లోకంలో అందరినీ అనుమానించిన ఆయన ఒక్క మనిషిని మాత్రం ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని నమ్ముతూ వచ్చాడు. ఆ మనిషే ఇప్పుడు తన లోపల కూర్చుని కూనిరాగం తీస్తున్నాడు.

"పొద్దున్నే నర్సులు వస్తారు," అంటూ లేచాడు. "బోటు కావాలి."

టోపీ తన బోటు కడుక్కుంటున్నాడు. పక్షిగారు దగ్గరికి వెళ్ళి, మొహమాటంతో కాసేపు తాళ్ళు పరీక్షించాడు.

"నా పలక పుచ్చిపోయిందని నీకెలా తెలుసు?"

"నీ వెనకాలే వస్తుంటాను గదయ్యా. దాటే ముందు చూస్తుంటాను. నీ ఇంజన్లు రెండూ కచేరీ వింటున్నట్టు తలలూపుతున్నాయి. పలక గట్టిదైతే ఇంజను తలూపదు."

"అదే ఆవేళ అరిటిపండు ఒలిచినట్టు చెప్పొచ్చుగా!"

"చెప్దామనే లేచొచ్చాను. నువ్వు నా మొహం చూశావా? టోపీ కేసి చూస్తూ నిలబడ్డావు. టోపీతో ఏం మాట్లాడతాను?"

పక్షిగారు ఈసారి ఆయన మొహమే చూశాడు. "రేపటి నుంచి ట్రిప్పులు నువ్వు వేసుకో," అన్నాడు. అనడానికి అయిదు ముక్కలే గానీ, గొంతులోంచి ఒక్కోటీ లంగరులా బరువుగా పైకి వచ్చింది. టోపీ బకెట్టు కింద పెట్టాడు. సంతోషం కనిపించకుండా ఉండడానికి ఆయన పడిన కష్టం చూసి, మొదటిసారి పక్షిగారికి ఆయన మీద కొంత గౌరవం కలిగింది.

పెద్ద నర్సమ్మ ఇంటికి వెళ్ళి, నిలబడే చెప్పాడు. పలక పుచ్చిందని, ఎప్పటి నుంచో తెలియదని, తాను చూసుకోవలసిందని. ఆమె కూర్చోమనడం మరిచిపోయి విన్నది.

"ఇది మీతో ఎవరు చెప్పించారు? ఆ తెల్ల బోటాయనా?"

"లేదమ్మా."

"మీకేమైనా ఇచ్చాడా?"

"లేదమ్మా. పుచ్చిన కర్ర తెచ్చాను, చూడండి." జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. ఆమె వేలితో తాకి, చీర కొంగుకు తుడుచుకుంది. తర్వాత ఏ వాక్యం మొదలుపెట్టి ఏది ముగించాలో తెలియనట్టు ఆయన్నే చూసింది. అనుమానించబడడం ఎలా ఉంటుందో పక్షిగారికి ఆ గుమ్మం దగ్గర తెలిసింది. అంత బాగుండదు.

బోటు చాలా కాలం దిమ్మెల మీదే ఉంది. పుచ్చిన పలక కోసి తీశారు. ముసలాయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే, కొడుకు కొలతలు తీసి కొత్త పలక చేశాడు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం లేదని రోజుకోసారి యుద్ధం జరిగింది. పలక నిలబెట్టే ముందు ముసలాయన అల్లుడిని పిలిచాడు.

"ఏ ఇంజన్లకి చెయ్యమంటావు? పెద్దవాటికా, పాతవాటికా? ఇప్పుడే చెప్పు. తర్వాత అడిగితే ఊరుకోను."

ఈ ప్రశ్నకు జవాబు పక్షిగారికి ముందురోజే దొరికింది. రేవులో పెద్ద నర్సమ్మ ఎదురైంది. తెల్ల బోటులో పొద్దున బాగానే చేరుతున్నారట. సాయంత్రమే చచ్చే చావుగా ఉందట. రోజంతా నిలబడి పని చేసి వచ్చినవాళ్ళను ఆ బోటు అలల మీద ఎత్తి ఎత్తి వేస్తుంటే నడుములు విరుగుతున్నాయట. "వెళ్ళేటప్పుడు తొందర గానీ, వచ్చేటప్పుడు మాకేం తొందర బాబూ? ఇంటికెళ్తే మళ్ళీ పనేగా. దారిలో కాస్త నడుం వాలిస్తే చాలు. బోటు బాగయ్యాక సాయంత్రాలు మీరే రండి. పలక మాత్రం నేనే వచ్చి చూస్తాను."

"పాతవాటికే మామయ్యా," అన్నాడు పక్షిగారు. "కానీ పెద్దవాటికి ఆగేంత గట్టిగా."

"అదేం లెక్క?"

"అంత గట్టిగా ఉంటే నాకు నిద్ర పడుతుంది."

ముసలాయనకు ఈ మాట నచ్చింది. బావమరిదికి నచ్చలేదు. అతని నల్లటి ఇంజన్లు గోనెగుడ్డ కిందే ఉండిపోయాయి. వాటిని మొదట అడిగి తర్వాత వద్దన్న పెద్దమనిషి ఎవరో, ఎందుకు వద్దన్నాడో ఈనాటికీ తేలలేదు. ఆ విచారణ కూడా పక్షిగారు ముగించలేదు.

సగం పని పోయింది, సగం మిగిలింది. ఇంట్లో పొదుపు పెరిగింది, ఆ పొదుపు గురించి మాటలూ పెరిగాయి. పొద్దుటి పూట పక్షిగారు రేవులో కూర్చుని తెల్ల బోటు వెళ్ళడం చూస్తుంటాడు. మొదట్లో కడుపు మండేది. తర్వాత దాని ఇంజన్లు తలూపుతున్నాయేమోనని చూడడం మొదలుపెట్టాడు. ఒకరోజు కుడివైపుది కొంచెం ఊగినట్టు అనిపించి, వెళ్ళి టోపీతో చెప్పాడు. టోపీ ఆయన్ని పై నుంచి కింది దాకా అనుమానంగా చూశాడు. అయినా బోల్టులు బిగించుకున్నాడు.

ఒక సాయంత్రం, షిఫ్టు దిగి ఆయన బోటెక్కిన నర్సులు చెప్పులు విప్పి, కాళ్ళు చాపి, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చారు. రేవు దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. పాత ఇంజన్లు సణుక్కుంటూ లాగుతున్నాయి. కళ్ళు మూసుకునే ఉన్న ఒకమ్మాయి అంది, "ఇంకాస్త నెమ్మదిగా పోనివ్వండి పక్షిగారూ."

ఆయన మెడ చాచి ఆమెను చూశాడు. ఎవరైనా నేర్పి పంపారా అన్నట్టు చూశాడు. ఆమె అప్పటికే గురక పెడుతోంది. వేగం తగ్గించాడు.